గాలి మిషను మాడుకు ఆముదం

పొద్దు వాలుతుండగా దశరథ గాలి మిషను ఆపి, దాని నెత్తిన ఉన్న చిన్న గాజుగిన్నెలో చూపుడువేలు ముంచి, బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన చేసిన ఆఖరి మామూలు పని అదే. గిన్నెలో ఉన్నది మిషన్ నూనేనా, మళ్ళీ ఎవరైనా ఆముదం పోశారా అని చూసుకోవడం ఆ ఎండాకాలం ఆయనకు అలవాటైపోయింది. ఆ రోజు వాసన మంచిగానే ఉన్నట్టుంది, ఏమీ అనలేదు. వేలు ధోవతికి తుడుచుకొని, బావిగట్టు మీద నిలబడ్డ భార్య వైపు తిరిగి, "పొద్దుగాల గట్కల ఉప్పెయ్యలే నువ్వు" అన్నాడు.

పొద్దున తిన్న జొన్న గట్క సంగతి సాయంత్రం దాకా మనసులో పెట్టుకొని అప్పుడు చెప్పడం ఆయన పద్ధతి. సుభద్రమ్మకు ఒళ్ళు మండింది. "తినేటప్పుడు నోరు లేదా?" అంది. మర్నాడు పొద్దున ఆయన దవడలు తెరుచుకోలేదు. తాను అన్న మాట గుర్తొచ్చి సుభద్రమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

దశరథది నల్లగొండ పక్కన పానగల్లు. సాలెల ఇల్లు. తండ్రి, ఇద్దరన్నలు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని బతికినవాళ్ళే. దశరథకు మాత్రం కూర్చున్న చోట కూర్చోవడం చేతకాలేదు. మీసం రాకముందే నల్లగొండలో ఒక ఆముదం మిల్లులో చేరి, ఇంజను తుడవడంతో మొదలుపెట్టి, దాన్ని నడిపేవాడయ్యాడు. మిషన్లను వరస పెట్టి పిలిచేవాడు. మాట వినేది తమ్ముడు, మొండికేసేది బావ. "ఏం బావా, ఇయ్యాల గూడ అలిగినవా" అంటూ పానా పట్టుకొని దాని చుట్టూ తిరిగేవాడు. మనుషులతో అన్ని మాటలు ఉండేవి కావు. కోపం వస్తే, బిగించి ఉన్న నట్టునే మళ్ళీ బిగించేవాడు.

సుభద్రమ్మ పుట్టిల్లు కల్వకుర్తికి ఆవల రాళ్లచెల్క. అక్కడి సాలెవాడకు ఒకటే దిగుడుబావి. మెట్లు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కుండ ముంచుకొనేవాళ్ళు. ఆ నీళ్ళు తాగిన ఇళ్ళలో ఎండాకాలం వచ్చిందంటే నారు, అంటే నారికురుపు, లేచేది. మొదట కాలి మీద ఒక పొక్కు. పొక్కు పగిలాక తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజుకింత బయటికి లాగాలి. తొందరపడితే తెగుతుంది, తెగితే కాలంతా చీము. దిగుడుబావి నీళ్ళతోనే వస్తుందని వాడలో అందరికీ తెలుసు. వేరే నీళ్ళు లేవు, అవే తాగేవాళ్ళు. సుభద్రమ్మ తల్లి వెంకటనర్సమ్మకు ఏ ఏటికాయేడు ఆ కాలికో ఈ కాలికో నారు లేస్తూనే ఉండేది. ఎండలు ముదిరితే ఆమె మగ్గం తొక్కేది కాదు, మంచం దిగేది కాదు.

పెద్ద లడాయి ముగిసిన మరుసటి ఏడు సాలెవాడకు, నీళ్ళలో దిగకుండా పైనుంచే తోడుకొనే చేదబావి మంజూరైంది. గుత్తేదారు రామచంద్రయ్య పని పట్టాడు. నలుగురు మనుషుల లోతు దిగాక కింద ఒకటే నల్లరాయి. సమ్మెటలు విరిగాయిగాని రాయి పెచ్చు లేవలేదు. అప్పుడు రామచంద్రయ్య ఎక్కడినుంచో ఒక పాత గాలి మిషను కొని తెచ్చాడు. ఇంజను తిప్పితే మిషను గాలిని నొక్కి గొట్టంలోకి తోస్తుంది. ఆ గాలి బలంతో బావిలో బర్మా రాయిని తొలుస్తుంది. తొలిచిన బొక్కల్లో తూటాలు కూరి పేలుస్తారు.

"మృగశిర దాకా చూస్త," అన్నాడు రామచంద్రయ్య వాడకట్టు పెద్దలతో. "వానలు పడితే గట్టు మన్ను బావిల కూలుతది. గప్పుడు నేను చేసేదేమి లేదు. మిషను దేవరకొండ దిక్కు పంపుత."

పోయిన మిషను మళ్ళీ రాదని అందరికీ అర్థమైంది.

మిషను నడపడానికి నువ్వు పో అని మొగుణ్ణి పోరింది సుభద్రమ్మే. "మా అమ్మను ఇంకో ఎండకాలం గా మంచంల చూడలేను" అంది. దశరథ మిల్లులో బతిమాలి సెలవు పుచ్చుకొని, రామచంద్రయ్య దగ్గర పనికి ఒప్పుకొని, పెళ్ళాన్ని తీసుకొని అత్తగారింట్లో దిగాడు.

మిషనును బండి మీద నుంచి దింపగానే నూనెతొట్టి మూత తీసి వాసన చూశాడు. "ఆముదం" అన్నాడు, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు.

లడాయి రోజుల్లో విలాయతి మిషన్ నూనె దొరికేది కాదు. మిల్లులవాళ్ళు, గనులవాళ్ళు చేతికందిన ఆముదమే పోసి నడిపించుకున్నారు. ఈ మిషను ఏదో రాతిగనిలో లడాయి పొడుగునా ఆముదం తాగి బతికింది. ఆముదం మీద దశరథకు పగ లేదు. చల్లగా తిరిగే వాటికి అంత మంచి నూనె లేదని ఆయనే అనేవాడు. కాని గాలిని నొక్కే మిషను కాగుతుంది. కాగిన చోట ఆముదం పాకం పడుతుంది, ఆ పాకం బంకగా మారి, బంక నల్లగా పెచ్చు కడుతుంది. విప్పి చూస్తే పిస్టను రింగులు వాటి గాడుల్లోనే అతుక్కుపోయి ఉన్నాయి. వాల్వులు పూర్తిగా మూసుకోవడం లేదు. నొక్కిన గాలిలో సగం వచ్చిన దారినే వెనక్కి పోతున్నది.

రామచంద్రయ్య రూమీ టోపీ చేతిలో పట్టుకొని విసురుకుంటూ వచ్చాడు. హైదరాబాదులో ఎవరినో పట్టుకొని సంపాదించిన మిషన్ నూనె డబ్బాలు రెండు వెంట తెచ్చాడు.

"ఎన్ని దినాలు పడ్తది?"

"అంత విప్పాలె పటేలా. లోపలి బంక పోయేదాక కడిగి, గప్పుడు గీ నూనె పొయ్యాలె. పది పన్నెండు దినాలన్న..."

"నూనె మార్చనీకి పది దినాలా? దశరథా, నేను గుత్త పట్టింది బావికి. మిషనుకు తానం పొయ్యనీకి గాదు. పాతది ఒంపు, కొత్తది పొయ్యి, నడిపియ్యి."

"పాత బంక మీద కొత్త నూనె పట్టదు పటేలా."

"పట్టేటట్టు జెయ్యి. జీతం గందుకే గద."

దశరథ పానా తీసుకొని బిగించి ఉన్న నట్టు ఒకటి బిగించాడు. ఆ తర్వాత, పై మూత మాత్రం విప్పి, రెండు రోజులు దీపాల గాసునూనెతో రుద్దాడు. గాసునూనె నల్లబడింది, బంక మాత్రం కదల్లేదు. చాకుమొనతో గీకగలిగినంత గీకాడు. అడుగున బేరింగుల దాకా విప్పడానికి రామచంద్రయ్య మనిషి ఒకడు పక్కనే కూర్చొని "ఇంకెంత సేపు" అంటుంటే వీలుపడలేదు. కొత్త నూనె పోసి ఇంజను పట్టా తగిలించాడు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. బర్మా పట్టేవాడు మారయ్య, దేవరకొండ దిక్కు మనిషి. బావిలో నుంచి "అన్నా, మంచిగ దిగుతాంది" అని అరిచేవాడు. ఒకరోజు ఇంట్లో కండెలు చుడుతున్న సుభద్రమ్మకు ఆ చప్పుడులో తేడా వినిపించింది. ఉబ్బసం మనిషి దగ్గినట్టు రెండుసార్లు దగ్గి, కీచుమని ఒక అరుపు అరిచి, మిషను ఆగిపోయింది.

ఆమె వెళ్ళేసరికి దశరథ నూనెతొట్టి విప్పుకొని కూర్చున్నాడు. కొత్త నూనె పైన తేలుతున్నది. దాని కింద, పాత ఆముదం బంక ఊడి, విరిగిన పాలలాగా గడ్డలు గడ్డలుగా ఉంది. ఆ గడ్డలు నూనె పోయే సన్నటి దారికి అడ్డం పడ్డాయి. నూనె అందక బేరింగు లోపలి మెత్తటి మెటలు కరిగిపోయింది.

ఆ సాయంత్రం దశరథ ఒక సీసాలో సగం ఆముదం, సగం మిషన్ నూనె పోసి, చేయి నొప్పి పుట్టేదాకా కుదిపి, దూలానికి వేలాడగట్టాడు. తెల్లవారి చూస్తే ఆముదం కింద, మిషన్ నూనె పైన, మధ్యలో గీత గీసినట్టు వేరుపడి ఉన్నాయి. ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోయినా, "చూసిన్రా" అన్నాడు సీసాతో. దాన్ని తీసుకెళ్ళి రామచంద్రయ్యకు చూపించాడు.

"గీ మాట ముందుగాల చెప్పాలె గద" అన్నాడు రామచంద్రయ్య.

"చెప్పిన గద పటేలా."

"గట్టిగ చెప్పాలె."

కరిగిన బేరింగును మూటగట్టుకొని హైదరాబాదు పోయి, కొత్త మెటలు పోయించుకొని, బస్సు దొరికిన చోట బస్సు, దొరకని చోట బండి ఎక్కి తిరిగి వచ్చేసరికి రోహిణి కార్తె దగ్గర పడింది. ఈసారి ఎవరి మాటా వినకుండా మిషను మొత్తం విప్పి, ముక్కలన్నీ పందిరి కింద పరిచాడు. సిలిండరు, పిస్టను, రింగులు, వాల్వులు. అన్నిటి మీదా అదే బంక. గాసునూనెకు లొంగదు, చాకుకు లొంగితే కింది ఇనుమును కూడా గీస్తుంది. దశరథ ఒక రింగు తీసుకొని గోటితో గీకి చూశాడు.

"మిల్లుల పని జేసిన్నాడు నీ ధోవతులు ఎట్ల జిడ్డు పోయేటియి?" అంది సుభద్రమ్మ.

"ఎట్ల పోయేటియి?"

"సౌడుల ఉడికిస్తేనే పోయేటియి. నేను రుద్దితె ఎన్నడన్న పోయిందా?"

దశరథ ఆమె మొహం చూశాడు, తర్వాత రింగు చూశాడు. లేచి చెప్పులు కూడా తొడుక్కోకుండా చాకలి నర్సింగమ్మ ఇంటికి నడిచాడు. సుభద్రమ్మ వెంట పరుగెత్తవలసి వచ్చింది.

సౌడు మన్ను కలిపిన నీళ్ళలో బట్టలు ఉడికించే పెద్ద బాన నర్సింగమ్మది. ఆమె చేతులు నడుముకు పెట్టుకొని విన్నది. "బిడ్డా, గీ బానల ఊరందరి మైల ఉడికిచ్చిన. ఇనుప సామాను ఉడికిచ్చలే. రేపు దొర పంచెకు తుప్పు మరకలు పడితే నీ మొగనికి కట్టిపిస్తవా?"

"మరక పడకుండ బాన నేను తోమిస్త అత్తా."

"నువ్వు తోముతవు. మాట పడేది నేను" అంటూనే పొయ్యి రాజేసింది.

బాన పొంగింది. నురుగు తెల్లగా, తర్వాత గోధుమ రంగులో, తర్వాత బెల్లం రంగులో గట్టు దాటి కారింది. ఆముదం సౌడుతో కలిసి సబ్బులాగా జారిపోయింది. మధ్యాహ్నానికి రింగులు వాటంతట అవే గాడుల్లోంచి వదులయ్యాయి. దశరథ ఒక్కొక్క ముక్కనూ కట్టెతో ఎత్తి, వేడి నీళ్ళతో కడిగి, తడి ఆరీ ఆరకముందే మిషన్ నూనె పట్టించాడు. ఒట్టి ఇనుము గాలికి ఉంటే గడియలో తుప్పు పడుతుందని చెబుతూ సుభద్రమ్మ చేతికి ఒక్కో ముక్క అందించాడు. ఆ ఎండాకాలం ఆయన నవ్వింది అప్పుడే.

"నర్సింగమ్మత్తా, మా బావకు లగ్గం తానమైంది."

"ఐతె పిల్లను జూడు. ఎవతె జేసుకుంటదో గీ నల్లోన్ని."

మిషను మళ్ళీ నిలబడింది. ఈసారి చప్పుడు వేరు. ఎక్కడా తడబాటు లేకుండా ఒకటే ఊపు. బర్మా మొన రాతిలోకి దిగుతుంటే బావిలోంచి తెల్లటి దుమ్ము లేచేది. పేలుళ్ళకు రాయి పొరలు పొరలుగా లేచి వచ్చింది. అడుగున రాయి చెమర్చినట్టు ఉందని మారయ్య చెప్పాడు. వెంకటనర్సమ్మ మంచం మీదనే కూర్చొని, కాలికి చుట్టిన పుల్లను చూసుకుంటూ, బావి సంగతులన్నీ కూతుర్ని అడిగి తెలుసుకొనేది. అల్లుడు ఇంట్లో ఉంటే ఆమె గొంతు కూడా వినిపించేది కాదు. అల్లుడి ఎదుట పడకూడదు, అల్లుడితో మాట్లాడకూడదు. అది వాళ్ళ ఇళ్ళల్లో ఉన్న మర్యాద. ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచి కూతురికే చెప్పేది.

వారం తిరిగిందో లేదో మిషను మళ్ళీ కాగడం మొదలుపెట్టింది. దశరథ మిషను నెత్తిన ఉన్న గాజుగిన్నెలో వేలు పెట్టి వాసన చూశాడు. సిలిండరులోకి బొట్టుబొట్టుగా నూనె జారే గిన్నె అది. అందులో ఆముదం ఉంది.

ఒంపి, కడిగి, మిషన్ నూనె పోశాడు. రెండు రోజులకు మళ్ళీ ఆముదం. ఆయన బావిలోకి వంగి మారయ్యను పైకి పిలిచాడు.

"ఎవడు పోసిండు?"

"ఏంది పోసేది?"

"ఆముదం."

"నేనెందుకు పోస్తన్నా? నెత్తికి పెట్టుకుందమంటెనే మా ఇంట్ల లేదు."

"మిషను ఆగితే మీ ఊరి దిక్కు పోతది. నీకు ఇంటి మీద పానం గుంజుతాంది."

మారయ్య మొహం నిండా రాతి దుమ్ము. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "దశరథన్నా, దినమంత గా గుంతల దుమ్ము మింగేది నేను. బర్మా వణుకుకు ముద్ద చేతుల నిలుస్తలేదు. నీ మిషను ఆగితే మళ్ళ సమ్మెట పట్టేదెవడు, నువ్వా?" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆపాలన్నా, నడపాలన్నా చేతి సైగలే. నడపమంటే చేయి గాలిలో గుండ్రంగా తిప్పడం, ఆపమంటే అరచేయి చూపడం.

ఆ మర్నాడు సుభద్రమ్మ కోడి కూసే వేళ లేచేసరికి తల్లి మంచం ఖాళీగా ఉంది. మంచం దిగలేని మనిషి ఎక్కడికి పోయిందని వాకిట్లోకి వచ్చి చూస్తే, గోడలు పట్టుకొని కుంటిన కాలి గుర్తులు దుమ్ములో బావి దాకా ఉన్నాయి. వెంకటనర్సమ్మ మిషను పక్కన నిలబడి, కొబ్బరి చిప్పలోంచి ఆముదం గిన్నెలో పోసి, మిగిలింది అరచేత్తో ఆ ఇనుప నెత్తికి అద్దుతున్నది.

"అమ్మా, ఏం జేస్తున్నవే?"

"సప్పుడు జెయ్యకు. అల్లుడు లేస్తడు."

"ఇన్నొద్దుల సంది పోస్తున్నది నువ్వా?"

"వేడి జేసింది గదనే దీనికి. మంచంల పండుకొని ఇంటాన్న, ఆయాసపడుతాంది. చెయ్యి పెడితె కాలుతాంది. చిన్నప్పుడు నీకు గిట్లనే ఒళ్ళు కాలితే మాడుకు ఆముదం పెట్టిన, దిగలేదా?"

"మనిషికి పెట్టేది మిషనుకు పెడ్తరానే?"

"మరి నెత్తిమీద గిన్నె ఎందుకు పెట్టిన్రు?"

"గది నూనె పొయ్యనీకి."

"నేను పోసింది నీళ్ళా?"

సుభద్రమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆముదం పోసినందుకే అది కాగుతున్నది. కాగుతున్నదని మళ్ళీ ఆముదం పోస్తున్నది. "ఆయనకు నాతోని ఒక్క మాట చెప్పిపిస్తే అయిపోవు గద" అంది.

"మిషను సంగతి అల్లునికి నేను చెప్పిపించుడా? మంచిగుంటదా?"

సంగతి తెలిశాక దశరథ వచ్చి గడపలో కూర్చున్నాడు. అవతల తలుపు చాటున వెంకటనర్సమ్మ. మధ్యలో సుభద్రమ్మ.

"ఆముదం పొయ్యొద్దని చెప్పు మీ అమ్మకు."

"పొయ్యను అని చెప్పు. తెల్వక పోసిన అని చెప్పు" అంది తలుపు.

"నడవరాని కాలుతోని గంత దూరం ఎందుకు పోయిందో అడుగు."

తలుపు కొంచెం కదిలింది. "బావి నాకోసమని తవ్వుతుండె. మిషనుకు బాగలేకపోతె నేను పండుకోవాల్నా అని చెప్పు."

దశరథ లేచి వెళ్ళిపోయాడు. అత్తను తిట్టలేడు. తిడితే తిట్టానని తృప్తి అయినా ఉండేది. మిషనుకు ఉన్న నట్లన్నీ వరసగా బిగించాడు, ఒక్కటి కూడా తిరగలేదు. తర్వాత బావిలోకి దిగి, మారయ్య చేతిలోంచి బర్మా తీసుకొని, అలవాటు లేని చేతులతో మధ్యాహ్నం దాకా తానే పట్టాడు. మారయ్య పైన కూర్చొని రెండు బీడీలు కాల్చాడు. తప్పయిందని ఒకరు అనలేదు, సరేనని ఇంకొకరు అనలేదు.

గాజుగిన్నెలోంచి ఆముదం సిలిండరులోకి, అక్కడినుంచి కిందికి దిగిపోయింది. మళ్ళీ మొత్తం విప్పక తప్పలేదు. నర్సింగమ్మ బాన పొయ్యి మీదకి ఎక్కిస్తూ, "ఇంకో లగ్గమా?" అంది. ఈసారి దశరథ నవ్వలేదు. పడమటి దిక్కున మబ్బు ముద్దలు ముద్దలుగా లేస్తున్నది. రామచంద్రయ్య నుంచి కబురు వచ్చింది, మృగశిర పొద్దున బండ్లు వస్తాయని.

ముక్కలు బిగిస్తుండగా చూసింది సుభద్రమ్మ, ఆయన ఎడమ చీలమండ మీద పొక్కు. ఆమెకు చెప్పనక్కరలేదు, అదేమిటో ఆ వాడలో పుట్టిన ఎవరికైనా తెలుసు.

"నారు."

"లేవనీ. వారం దినాలు ఆగుమను."

"జర మంచంల కూసో. కాలు మీద పనిజెయ్యకు."

"మంచంల కూసుంటె మీ అమ్మ లేచి నడిపిస్తదా మిషను?"

పొక్కు పగిలి పురుగు తల చూపింది. పుల్లకు చుట్టి, పాత గుడ్డ పేలిక కట్టి, ఆ కాలితోనే మిషను చక్రం ఎక్కి దిగేవాడు. ఒకరోజు తొందరగా కిందికి దూకుతుంటే పుల్ల ఇనుపచట్రానికి తగులుకొని పురుగు తెగిపోయింది. ఆయన మిషనును వరస కూడా పెట్టకుండా తిట్టాడు. కాలు మోకాలి దాకా వాచింది. ఆముదం రాసి, ఆకు కట్టి, మళ్ళీ అదే దుమ్ములో నిలబడ్డాడు. మిషను మాత్రం ఎక్కడా కాగలేదు. బావి అడుగున చివరి బొక్కలు పడ్డ సాయంత్రమే ఆయన గిన్నెలో వేలు పెట్టి వాసన చూసి, గట్కలో ఉప్పు సంగతి ఎత్తాడు. తూటాలు కల్వకుర్తి నుంచి రావాలి. అవి వచ్చేదాకా ఇక మిషను పని లేదు.

మర్నాడు బిగుసుకున్న దవడలు చూడగానే ధనుర్వాతమన్నారు ముసలివాళ్ళు. బండి కట్టి కల్వకుర్తి దవాఖానకు బయలుదేరితే, ప్రతి కుదుపుకూ ఒళ్ళు విల్లులా వంగుతుంటే చూడలేక ఊరి పొలిమేర నుంచి తిప్పుకొచ్చారు. చీకటి గదిలో పడుకోబెట్టారు. చప్పుడు అయితే చాలు, గిన్నె పడినా, తలుపు కొట్టుకున్నా, వెన్ను పైకి లేచిపోయేది. వాడలో మగ్గాలు ఆపేశారు.

రెండో రోజు మధ్యాహ్నం మారయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మెల్లగా, దాదాపు ఊపిరితోనే మాట్లాడాడు. "వదినె, తూటాలొచ్చినయి. మబ్బు జూస్తె సాయంత్రం ఆగేటట్టు లేదు. పడ్డదంటె బొక్కలల్ల మన్ను నిండుతది. బండ్లు రేపొస్తయి. కాలుస్తె సప్పుడైతది. నువ్వు ఆగుమంటె ఆగుత."

సుభద్రమ్మ మంచం వైపు చూసింది. తలుపు చాటున కదలిక. వెంకటనర్సమ్మ గోడ పట్టుకొని బయటికి వచ్చింది, అల్లుడి ఎదుటికి, నెత్తి మీద చెంగు కూడా లేకుండా. "ఆగుమను బిడ్డా. నాకు బావొద్దు, ఏమొద్దు."

మంచం మీద దశరథ కళ్ళు తెరిచే ఉన్నాయి. పళ్ళు బిగుసుకొని ఉన్నాయి. కుడి చేయి కొంచెం లేచింది. గాలిలో గుండ్రంగా ఒకసారి తిరిగి పడిపోయింది.

మారయ్య ఆయన వైపు చూడలేదు, సుభద్రమ్మ వైపే చూశాడు. "కాల్చు" అంది ఆమె.

మంచం మీద కూర్చొని ఆయన తల ఒళ్ళోకి తీసుకొని రెండు చెవులూ అరచేతులతో మూసింది. చెవులు మూస్తే సరిపోదని మొదటి పేలుడుకే తెలిసింది, చప్పుడు నేలలోంచి మంచంకోళ్ళలోకి వచ్చింది. ఆయన ఒళ్ళు వంగింది. దిగేలోపే రెండోది. ఆ తర్వాత ఆమె ఏదీ వినలేదు, ఆయన మెడ నరాలు మాత్రం చేతుల కింద తాళ్ళలా తగిలాయి.

మారయ్య మోచేతుల దాకా బురదతో వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. "పడ్డయి వదినె. నీళ్ళు పడ్డయి." దశరథ విన్నాడో లేదో ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దెక్కకముందే పోయాడు. రామచంద్రయ్య బండ్లు వచ్చేసరికి వాన కురుస్తున్నది. శవం లేచేదాకా బండ్లు ఆపి, తర్వాత మిషను ఎక్కించుకుపోయారు.

వాడవాళ్ళు చేదబావి నీళ్ళు తాగడం మొదలుపెట్టారు. పై ఎండాకాలం మళ్ళీ అయిదారుగురికి నారు లేచింది. వెంకటనర్సమ్మకు లేచింది. కొత్త బావి నీళ్ళు కూడా మంచివి కావన్నారు. మిషన్ నూనె కలిసిందని కొందరన్నారు. ఆ మాట సుభద్రమ్మ ముందు అనేవాళ్ళు కాదు, కాని అనేవాళ్ళు. ఒకరిద్దరు మళ్ళీ కుండలు పట్టుకొని దిగుడుబావికే పోయారు.

ఆ సంగతి విని కల్వకుర్తి దవాఖాన కంపౌండరు ఒకాయన సైకిలు మీద వచ్చాడు. అరుగు మీద కూర్చొని కాళ్ళు చూశాడు. "గీ యేడు లేచిన నారు పోయిన యేడు తాగిన నీళ్ళది. లోపల పెరగనీకి యేడాది పడ్తది. మీ కొత్త బావిది తప్పు లేదు, గవే తాగున్రి" అన్నాడు. సుభద్రమ్మ స్తంభానికి ఆనుకొని వింటున్నది. అంటే దశరథకు లేచిన నారు మిషను దగ్గర పనిచేసిన ఎండాకాలానిది కాదు. దానికి ముందటి ఏడు తన చెల్లెలి పెళ్ళికి రాళ్లచెల్కకు వచ్చినప్పుడు, ఎండన పడి నడిచి వచ్చిన మనిషికి తానే చెంబుతో ఇచ్చిన దిగుడుబావి నీళ్ళది.

"చేదబావి లేని ఊర్లోల్లు ఏం జెయ్యాలె మరి?" అని ఎవరో అడిగారు.

"కుండ మూతికి గుడ్డ కట్టి వడగట్టుకొమ్మనున్రి. పురుగు గుడ్డ దాటి రాదు."

"ఏం గుడ్డ?" అంది సుభద్రమ్మ.

కంపౌండరు సైకిలు స్టాండు తీస్తూ, ఉతికిన గుడ్డ ఏదైనా సరే, మీ మగ్గాల మీద నేసేదైనా, రెండు మడతలు చాలునన్నాడు.